రామానుజుని కాగితములు

మహనీయుల కీర్తిని లోకము శిలావిగ్రహములయందును వీథుల పేళ్లయందును నిలుపుకొనజూచును. వారి మనస్సు మాత్రము వారు స్వహస్తముతో వ్రాసి విడిచిపోయిన కాగితములయందే నిలిచియుండును. ముద్రితగ్రంథమునకు వేయి ప్రతులుండును, వ్రాతకాగితమునకు ఒక్కటియే. అది చెదపురుగునకో, అగ్నికో, పాతకాగితముల వర్తకుని తక్కెడకో చిక్కిన నంతటితో సరి. శ్రీనివాస రామానుజుని కడపటి వ్రాతలకు పట్టనుండిన గతి యిదియే. ఆ గతి తప్పుటకు మానవప్రయత్నము కొంతయే కారణము, అదృష్టము చాలవరకు. ఆ వృత్తాంతమునందు మనము గర్వింపదగినది గలదు, సిగ్గుపడదగినదియు గలదు. అందుచేత దానిని పాఠకులయెదుట సావకాశముగా పెట్టదలచితిమి.

1919వ సంవత్సరము మార్చినెలలో రామానుజుడు ఇంగ్లండునుండి స్వదేశమునకు మరలివచ్చెను. రాయల్ సొసైటీ సభ్యత్వము, ట్రినిటీ కళాశాల ఫెలో పదవి రెండును 1918లోనే లభించినవి. కాని దేహము శిథిలమై యుండెను. 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసులోని చేటుపట్టునందు ముప్పదిరెండేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆ యొక్క సంవత్సరమును ఆయన రోగిగా గాక గణితవేత్తగానే గడపెను. మరణమునకు నాలుగు దినములు ముందువరకును లెక్కలు వ్రాయుచునేయుండెనని ఆయన భార్య జానకీ అమ్మాళ్ చెప్పెను. 1920 జనవరి 12వ తేదీన ఆయన కేంబ్రిడ్జిలోని ఆచార్య హార్డీకి ఒక లేఖ వ్రాసి, తాను క్రొత్తగా కనుగొనిన ‘మాక్ తీటా’ ప్రమేయములను గూర్చి తెలియజేసెను. ఆ ప్రమేయములు ఏ మార్గమున లభించినవో ఆ లేఖవలన పూర్తిగా తేటపడదు. దాని వెనుకనుండిన పరిశ్రమ యంతయు శయ్యప్రక్కనుండిన విడికాగితములలో నుండిపోయెను.

ఇరువదియేండ్లు దాటీదాటని ఆ వితంతువు ఆ కాగితములను మద్రాసు విశ్వవిద్యాలయమున కప్పగించెను. విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు ఫ్రాన్సిస్ డ్యూస్‌బరీ 1923 ఆగస్టు 30వ తేదీన ఒక మూట కట్టించి హార్డీకి పంపెను. నేడు మనము చెప్పుకొనుచున్న వ్రాతలు ఆ మూటలోనే సముద్రము దాటినవని విద్వాంసుల నమ్మకము. హార్డీ వానిని బర్మింగ్‌హాములోని ఆచార్య వాట్సనున కిచ్చెను. వాట్సను రామానుజుని గణితమునందు చాలకాలము కృషిచేసినవాడే. 1935లో లండను గణితసంఘమున చేసిన అధ్యక్షోపన్యాసమునకు మాక్ తీటా ప్రమేయములనే విషయముగా గైకొనెను. అటుపిమ్మట ఆయన దృష్టి ఇతర విషయములమీదికి మరలెను. కాగితములు ఆయన ఇంటిలో నుండిపోయినవి.

1965లో వాట్సను మరణించెను. రాయల్ సొసైటీవారి కోరికపై ఆయన జీవితచరిత్ర వ్రాయవలసి వచ్చిన విట్టేకరు అను గణితవేత్త ఆయన భార్యను చూడబోయెను. ఆమె ఆయనను భర్త చదువుగదికి తీసికొనిపోయెను. ఆ గది నేలయంతయు అడుగులోతున కాగితములతో నిండియుండెను! వాట్సను ఏ కాగితమునైనను పారవేయువాడు కాడు. చెల్లించిన బిల్లులు, ఏనాటివో ఆదాయపుపన్ను లెక్కల చిత్తులు, గణితపత్రములు అన్నియు కలగాపులగముగా పడియుండెను. కొలది దినములలో వానిని దహింపజేయుటకు ఏర్పాటయి యుండెను. విట్టేకరు చేయిపెట్టి అందినదానిని పైకితీయుచు వచ్చెను. అట్లు తీసినవానిలో రామానుజుని దస్తూరీ కనబడెను.

ఆ చేయి ఇంకొక మూల పడియుండినయెడల ఏమై యుండునో ఊహించుటకే మాకు మనసొప్పకున్నది.

తరువాత వాట్సను పీఠము నలంకరించిన రాబర్టు రాంకిన్ ఆ కాగితముల నన్నిటిని క్రమపరచి, 1968 డిసెంబరు 26వ తేదీన రామానుజుని వ్రాతలను ట్రినిటీ కళాశాలవారి రెన్ గ్రంథాలయమునకు పంపెను. న్యూటను కాగితములు గల గ్రంథాలయమది. అచ్చట అవి పెట్టెలో భద్రముగా ఎనిమిదేండ్లు కూర్చుండెను. 1976 వసంతకాలమున అమెరికనుడైన జార్జి ఆండ్రూస్ వాట్సను కాగితములను పరిశీలించుచు ఆ పెట్టె తెరపించెను. మాక్ తీటా ప్రమేయములపైననే పరిశోధన గావించినవాడగుటచేత, ఆ పుటలపైని సూత్రములను చూచినంతనే అవి రామానుజుని కడపటి సంవత్సరమునకు చెందినవని ఆయన గుర్తింపగలిగెను. సుమారు 138 పుటలు. 600కు మించిన సూత్రములు. ఉపపత్తులు మాత్రము దాదాపు శూన్యము. బ్రూస్ బెర్న్‌ట్‌తో గలిసి ఆండ్రూస్ ఆ సూత్రములకు ఉపపత్తులు సమకూర్చి వ్యాఖ్యానించిన అయిదు సంపుటములు 2005 మొదలు 2018 వరకు వెలువడినవి. ఒక రోగి ఒక్క యేడాదిలో వ్రాసినది విప్పుటకు ఇన్ని యేండ్లు పట్టెను.

ఆ కాగితములకు ‘పోయిన నోటుబుక్కు’ అను పేరు లోకమున స్థిరపడినది. ఈ పేరు మాకు అంత సమంజసముగా తోచదు. అది నోటుబుక్కు కాదు, విడికాగితముల కట్ట. 1968 తరువాత అది పోయినదియు గాదు. పట్టికలో పేరున్నది, పెట్టెలో వస్తువున్నది, పరిచారకుడు తలుపు తెరచి కూర్చుండియున్నాడు. అది గొప్ప వస్తువని ఎలుగెత్తి చెప్పువారు లేకపోయిరి, అంతియే. భాండాగారము కాగితమును కాపాడునేకాని, దానిని చదువగల కన్నును తాను సృష్టింపలేదు. పుత్తడి పాతరమీద కూర్చుండి దరిద్రుడైనవానివంటిది ఆ యెనిమిదేండ్ల స్థితి.

ఇక హార్డీకి వ్రాసిన లేఖల సంగతి. ఇవి ట్రినిటీలో గాక కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రపరుపబడియున్నవి. వానిలో మొదటిది 1913 జనవరి 16వ తేదీది. మద్రాసు పోర్టుట్రస్టు కచ్చేరిలో లెక్కల శాఖయందు గుమాస్తానని చెప్పుకొనుచు, సంవత్సరమునకు 20 పౌనులే తన జీతమని తెలుపుచు, తన సిద్ధాంతములను పరిశీలించి విలువగలవైనచో ప్రకటింపజేయుమని కోరుచు వ్రాసిన లేఖ అది. తన వయస్సు సుమారు 23 ఏండ్లని వ్రాసెను. నిజమునకు 25 నిండినవి. అట్లేల వ్రాసెనో ఎవరికి తోచినట్లు వారు చెప్పుదురు గాక. వయస్సు మీరిపోవుచున్నదను జంకు ఆ యంకెలో మాకు కనబడుచున్నది. ఇట్టి చిన్నయెత్తు జీవితచరిత్రకారుల ప్రశంసావాక్యములలో దొరకదు, దస్తూరీలోనే దొరకును.

ఫిబ్రవరి 8వ తేదీన హార్డీ ప్రత్యుత్తరమిచ్చెను. ఫిబ్రవరి 27వ తేదీన రామానుజుడు వ్రాసిన రెండవ లేఖ యింకను ముఖ్యమైనది. తాను సగము కడుపుతో బ్రతుకుచున్న వాడననియు, బుద్ధిని నిలువబెట్టుకొనవలెనన్న ముందు అన్నము కావలెననియు, ఆచార్యునినుండి సానుభూతితో గూడిన జాబొకటి వచ్చినయెడల విశ్వవిద్యాలయమునుండియో దొరతనమునుండియో వేతనము లభించుట సులభమగుననియు అందు నిస్సంకోచముగా తెలిపెను. మన గడ్డమీద పుట్టిన మేధావికి మన విశ్వవిద్యాలయములో నాదరము లభింపవలెనన్న ఆరువేల మైళ్ల దూరమునుండి ఒక దొర సిఫారసు రావలసిన కాలమది. ఆ యవమానము రామానుజునిది కాదు. మే 1వ తేదీనుండి మద్రాసు విశ్వవిద్యాలయము ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మిచ్చెను. 1914 మార్చి 17వ తేదీన ఆయన ఓడ యెక్కెను.

అయితే ఆదరించినవారు మనలో లేకపోలేదు. ఈ విషయమున ఆంధ్రదేశమునకు గల సంబంధమును స్మరించుట యుక్తము. 1905లో కుంభకోణము కళాశాలలో వేతనము పోగొట్టుకొని, ఇల్లు విడిచి రామానుజుడు పారిపోయి చేరినది మన విశాఖపట్టణమునకే. కుమారుడు కనబడుటలేదని వార్తాపత్రికలో ప్రకటన వేయవలసివచ్చెను. అయిదేండ్ల తరువాత, 1910 చివర, నెల్లూరు కలెక్టరుగానుండిన దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారిని ఆయన దర్శించెను. చినిగిన నోటుబుక్కు చంకనిడుకొని వచ్చిన ఆ దీనుడు కోరినదేమి? ఉద్యోగము గాదు, బిరుదు గాదు. తిండికి చింతలేక లెక్కలు చేసికొనుటకు తీరిక. రామచంద్రరావుగారు ఆ సూత్రములన్నియు తమకు బోధపడినవని నటింపలేదు. మొదట సంశయించిరి, పిదప విని నమ్మిరి. కొంతకాలము తమ చేతి సొమ్ముతో నెలనెలకు పోషించిరి. ఆ విషయమును వారు తరువాత వ్రాసియుంచుటచేతనే మనకు తెలిసినది. వ్రాయకున్న ఆ నెల్లూరు ఘట్టము కాలగర్భమున కలిసిపోయెడిది.

ఆ చంకలోని నోటుబుక్కులు నేడెక్కడ నున్నవి? మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయములోనే. మొత్తము మూడు. కాగితము కొనుటకు డబ్బు చాలక రామానుజుడు పలకమీద లెక్క చేసి, మోచేతితో తుడిచి, ఫలితమును మాత్రము పుస్తకములో నెక్కించెడివాడు. ఉపపత్తులు లేకపోవుటకు ముఖ్యకారణ మిదియే. అట్లు మూడువేలకు పైబడిన ఫలితములు పోగుపడినవి. 1927లో కేంబ్రిడ్జివారు ఆయన ముద్రిత వ్యాసముల సంపుటమును ప్రకటించినప్పుడు ఈ పుస్తకములనుగూడ అచ్చొత్తింపవలెనను తలంపుండెను, ధనము చాలలేదు. కడకు 1957లో బొంబాయిలోని టాటా పరిశోధనసంస్థవారు వానిని ఉన్నవానిని ఉన్నట్లుగా ఛాయాప్రతులుగా రెండు సంపుటములలో వెలువరించిరి. స్వరాజ్యము వచ్చిన పదియేండ్లకు.

ఇచ్చట ఒక సూక్ష్మవిషయము గమనింపదగియున్నది. నోటుబుక్కులు మద్రాసులో నిలిచినవి. కడపటి కాగితములు విదేశమునకు పోయినవి. ఒకే మనుష్యుని వ్రాతలు, ఒకే విశ్వవిద్యాలయము. ఈ భేదమేల? 1923 ఆగస్టులో మూట పోయెను. 1924 జనవరిలో ఎస్. ఆర్. రంగనాథన్‌గారు ఆ విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయాధికారిగా వచ్చిరి. వారు స్వయముగా గణితోపాధ్యాయులు. తరువాత మన దేశమున గ్రంథాలయశాస్త్రమునకు పునాది వేసిన మహానుభావులు. హార్డీయొద్దనుండిన మొదటి నోటుబుక్కు తిరిగి మద్రాసు చేరిన పిమ్మట రంగనాథన్‌గారు మూడు పుస్తకములకును చేతివ్రాత ప్రతులు తయారుచేయించి ఇంగ్లండునకు పంపిరి. వాట్సనును ఆయన సహచరుడు విల్సనును పనిచేసినది ఆ ప్రతులతోనే. మూలము ఇచ్చటనే యుండెను; ప్రతి సముద్రము దాటెను. రంగనాథన్‌గారి రాకకు ముందు పంపిన మూటలో మూలమే పోయెను. గ్రంథాలయాధికారి పదవి పుస్తకముల బీరువాలకు తాళములు వేయు ఉద్యోగమని తలంచు పాలకమండలులు నేటికిని కొన్ని గలవు. ఈ అయిదు నెలల యెడమును వారు తేరిపారజూడవలెను.

ట్రినిటీలోనున్న కాగితములను తిరిగి తెప్పింపవలెనను మాట మన దేశభక్తులలో ఎవరికైన సహజముగా పుట్టును. మాకును పుట్టినది. మద్రాసునేలమీద ఒక భారతీయుడు వ్రాసినది, ఆయన భార్య మద్రాసు విశ్వవిద్యాలయమున కిచ్చినది, పరిష్కరణార్థము పోయినది. పని ముగిసిన పిమ్మట ఇల్లు చేరుట న్యాయము. ఈ న్యాయమును పలుకుటకు మనము సంకోచింపనక్కరలేదు. అయినను ఆ న్యాయమును పలుకు నోటికి తన యింటి స్థితి తెలిసియుండవలెను. ఆ కట్టను కుప్పలోనుండి తీసినది, పట్టిక వ్రాసినది, భద్రమైన చోటికి చేర్చినది ఇంగ్లీషువారు. చదివి గుర్తించినది అమెరికనుడు. మనము తిరిగి అడుగుటకు ముందు, మనయొద్ద మిగిలిన మూడు నోటుబుక్కుల కాగితము పెళుసెక్కకుండ, సిరా వెలియకుండ, అడిగిన విద్యార్థికి ఛాయాప్రతి చూపుటకు వెనుదీయకుండ ఏమి చేయుచున్నామో లోకమునకు చూపగలిగియుండవలెను. అట్లు చూపగలిగిననాడు మన దావాకు బలము వేరు.

భాండాగారములు మనకు చెప్పునది యెంతయో, చెప్పనిదియు నంత. ఆచార్యులకు వ్రాసిన లేఖలు ఆచార్యులు దాచుటచేత దక్కినవి. రిజిస్ట్రారులకు వ్రాసినవి దస్త్రములలో చేరుటచేత దక్కినవి. రామానుజుడు అయిదేండ్లు విదేశమున నుండగా ఇంటిలోని పడుచుభార్య ఆయనకు జాబులు వ్రాసెను. అత్తగారు వానిని పోనీయలేదనియు, అచ్చటినుండి వచ్చినవి తనకు చేరనీయలేదనియు ఆమె వార్ధక్యమున చెప్పుకొనెను. దీనికి నిదర్శనమైన కాగితము లేదు. లేకుండుటయే ఆ మాటలోని దుఃఖము. ఎవరి వ్రాత దాచదగినదో నిర్ణయించు అధికారము ఎవరిచేతిలో నుండునో వారి చరిత్రయే మనకు దక్కుచున్నది. కేంబ్రిడ్జి శీతలమును గూర్చి, ఒంటరి వంటను గూర్చి ఆయన భార్యకేమి చెప్పుకొనగోరెనో మనకు తెలియు మార్గము లేదు.

అయినను దస్త్రములలో దక్కినవానియందు ఒక లేఖ కలదు. దానికై మేము వేయి స్తోత్రపాఠముల నీయగలము. 1918 చివర మద్రాసు విశ్వవిద్యాలయమువారు ఆయనకు సంవత్సరమునకు 250 పౌనుల చొప్పున వేతనము మంజూరుచేసిరి. 1919 జనవరి 11వ తేదీన రామానుజుడు రిజిస్ట్రారునకు కృతజ్ఞత తెలుపుచు, ఆ సొమ్ము తన యవసరములకు మించియున్నదని వ్రాసెను. ఇంగ్లండులో తన ఖర్చులు పోను, తలిదండ్రులకు ఏటేట 50 పౌనులిచ్చి, తక్కిన మిగులును బీదబాలుర, అనాథల బడిజీతములు తగ్గించుటకును, పుస్తకములు కొనిపెట్టుటకును వినియోగింపుడని కోరెను. ఆరేండ్ల క్రిందట అన్నమునకై లేఖ వ్రాసిన చేయియే యిదియు వ్రాసినది! ఈ రెండు జాబులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట కొక భాండాగారము కావలెను. ఏ ఒక్కటి దక్కకున్నను రెండవదాని విలువ సగమగును.

మన తెలుగువారి సంగతి వేరుగా వ్రాయవలసినది. ఇచ్చట రెండు మాటలు మాత్రము. బ్రౌను దొర పండితులచేత వ్రాయించి కూర్చిన తాళపత్రములును కాగితపు ప్రతులును మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చేరియుండుటచేత మన కావ్యములెన్నియో దక్కినవి. ఆ బ్రౌను స్వంతలేఖలను 1970ల దశకమున బంగోరెగారు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పూనికతో వెదకి ప్రకటింపగా, నిఘంటుకారుని వెనుకనున్న మనుష్యుడు మనకు కనబడెను. ఇక రాజమహేంద్రవరము, వెల్లూరు, తిరుచినాపల్లి, కడలూరు జైళ్లనుండి మన సత్యాగ్రహులు ఇంటికి వ్రాసిన కార్డులున్నవి. జైలు అధికారి ముద్రలతో నవి యెన్నియిండ్ల అటకలమీద నేడును పడియున్నవో, యెన్ని ఇల్లు మారునప్పుడు తూకమునకు పోయినవో! వానిని వ్రాసినవారు పోయిరి, అందుకొనినవారును పోయిరి, ఇప్పుడున్న మనుమలకు ఆ దస్తూరీ చదువరాదు. విశ్వవిద్యాలయములు తమ గుమ్మమునకు దాతలు రావలెనని కనిపెట్టుకొని కూర్చుండక, ఊరూర తిరిగి అడిగి తీసికొనవలెను. ఇంటివారు మూలము నీయ నిష్టపడనిచో ఛాయాప్రతియైనను తీసికొనవచ్చును. నేడది బ్రౌను కాలమున వలె పండితుల గుంపును పోషించి చేయవలసిన పని గాదు.

జానకీ అమ్మాళ్ భర్త పోయిన పిమ్మట డెబ్బది మూడేండ్లకు పైగా జీవించెను. విశ్వవిద్యాలయము ఆమెకు మొదట ఇచ్చిన పింఛను నెలకు 20 రూపాయలు. ఆమె బట్టలు కుట్టుట నేర్చి, మద్రాసు తిరువల్లిక్కేణిలో తన చేతిపనిమీద బ్రతికెను. భర్తకు విగ్రహము నిలిపెదమని చెప్పినవారు నిలుపలేదని ఆమె చెప్పిన మాట పత్రికలలో పడగా, 1980ల దశకమున లోకమునందలి గణితవేత్తలు చందాలు వేసికొని ఒక అమెరికను శిల్పిచేత కంచువిగ్రహము చేయించి ఆమెకు పంపిరి. 1987 డిసెంబరు 22వ తేదీన, రామానుజుని నూరవ జన్మదినమున, మద్రాసులో ప్రధానమంత్రి రాజీవ్ గాంధి ట్రినిటీ కాగితముల ఛాయాసంపుటమును ఆవిష్కరించి మొదటి ప్రతిని ఆమె చేతికిచ్చెను. 67 ఏండ్ల క్రిందట రోగిశయ్య ప్రక్కన తాను చూచిన దస్తూరీ అట్టకట్టిన గ్రంథముగా ఆమె యొడికి తిరిగివచ్చెను. 1994 ఏప్రిల్ 13వ తేదీన ఆమె కాలధర్మము నొందెను. మూలకాగితములు రెన్ గ్రంథాలయముననే యున్నవి.